మూడో నీళ్ళు పోయకముందే

పోయిన నెల నా నడుముకు ఎడమవైపు చిన్న చిన్న పొక్కులు లేచాయి. నిప్పు పెట్టినట్టు మంట. చర్మాల డాక్టరు దగ్గరికి వెళ్తే, నా కూతురికంటే నాలుగేళ్ళు పెద్దదేమో ఆ అమ్మాయి, చూసీ చూడగానే "చిన్నప్పుడు మీకు ఆటలమ్మ పోసిందా ఆంటీ?" అని అడిగింది. పోసింది అన్నాను. "అదే ఇది. అప్పుడు తగ్గింది గానీ పోలేదు. ఇన్నేళ్ళూ మీ వెన్ను దగ్గర నరాల కణాల్లో పడుకుని ఉంది, ఇప్పుడు లేచింది" అని పాఠం మొదలుపెట్టింది. పాతికేళ్ళు ల్యాబులో నెత్తురు పరీక్షలు చేసి బతికినదాన్ని, నాకా చెప్తున్నావని ఒళ్ళు మండింది. నోరు మూసుకుని మందుచీటీ తీసుకుని ఇంటికొచ్చాను. పక్కకు ఒత్తిగిలి పడుకుంటే, మందు వాసన రావలసిన చోట వేపాకు వాసన వచ్చింది. ఇంక ఆ మధ్యాహ్నం నిద్ర పట్టలేదు.

మాది కోవిల్‌పట్టికీ సాత్తూరుకీ మధ్య నల్లరేగడి పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలోకొస్తే తమిళం. బడిలో చదివినదంతా తమిళమే. ఈ అక్షరాలు నేను పెళ్ళయి తిరుపతి వచ్చాక మా ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నవి. మా అత్తగారు నా మాట విని, "మీ ఊళ్ళో ఇంకా ఏ రాజు ఏలుతున్నాడమ్మా" అని నవ్వేది. నవ్వితే నవ్వనీ. మా అవ్వ మాట్లాడిన మాటలు అవి.

మా అమ్మ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేది. దాన్ని మా వైపు తీప్పెట్టి ఆపీసు అంటారు. చెక్క చట్రంలో గాడికి ఒక్కో పుల్ల చొప్పున పేర్చడం ఆమె పని. సాయంత్రం వచ్చి చేతులు ఎంత తోముకున్నా అగ్గిమందు వాసన పోయేది కాదు. ఆ చేత్తో కలిపిన పెరుగన్నం తినే పెరిగాను కాబట్టి నాకు చాలా కాలం పెరుగుకే ఆ వాసన ఉంటుందనుకున్నాను. మా నాయన విరుదునగర్‌లో పప్పు మిల్లులో మూటలు మోసేవాడు. ఆదివారం వచ్చేవాడు, వస్తూ వస్తూ నూనెలో వేయించిన పరోటాలు ఆకులో కట్టించుకొచ్చేవాడు. మిగిలిన ఆరు రోజులూ ఇంట్లో అవ్వ, అమ్మ, నేను.

నా చదువుకు ఇంట్లో ఒక ఒప్పందం ఉండేది. పది పాసైతే పైకి పంపిస్తారు. తప్పితే ఆపీసు. మళ్ళీ రాయడాలు, ట్యూషన్లు మా వీధిలో లేవు. నా ఈడు పిల్లలు ఇద్దరు అప్పటికే పొద్దున్నే టిఫిన్ క్యారియరు పట్టుకుని ఆపీసు బండి ఎక్కుతున్నారు. అమ్మ తన పక్కన గోడవారగా గాలి తగిలే చోటొకటి నాకోసం చూసిపెట్టిందని నాకు తెలుసు. చెడ్డ ఉద్దేశంతో కాదు పాపం, మంచి చోటు ఇంకొకరు ఎక్కడ తన్నుకుపోతారోనని.

నాకేమో సైన్సు పిచ్చి పట్టింది. దానికి కారణం మా జీవశాస్త్రం సారు. పొట్టిగా ఉండేవాడు, ముక్కుపొడి పీల్చేవాడు, తుమ్ముల మధ్య పాఠం చెప్పేవాడు. గంట కొట్టే ముందు బోర్డు మూలన ఒక ప్రశ్న రాసి వెళ్ళిపోయేవాడు. పుస్తకంలో దానికి జవాబు ఉండదు. "నిప్పు తింటుంది, గాలి పీలుస్తుంది, పెరుగుతుంది, పక్కింటికి పాకి పిల్లల్ని పెడుతుంది. మరి నిప్పు ప్రాణి ఎందుకు కాదు?" అని ఒకరోజు రాశాడు. మాది అగ్గిపుల్లల ఊరు, అందరం నిప్పు గురించి తెలుసనుకునేవాళ్ళమే. ఒక్కరూ చెప్పలేకపోయారు. ఇంకోరోజు, "ఉప్పులో వేసిన మామిడి ముక్క ముడుచుకుపోయింది. లోపలి నీళ్ళను బయటికి పిలిచిందెవరు?" ఇంకోరోజు, "తెగిన బల్లి తోక కొట్టుకుంటోంది. బల్లికి ప్రాణం ఒకటా రెండా?" నేను ఇంటికెళ్ళి అవ్వ జాడీలో మామిడి ముక్కల మీద ఉప్పు పోసి చూస్తూ కూర్చున్నాను. ఆ ఏటి ఊరగాయ అంతా ఉప్పుకషాయం. వీపు పగిలింది.

ఆఖరి క్లాసులో ఆయన రాసిన ప్రశ్న: వైరస్ ప్రాణా, కాదా? "ఊరికే అవునని, కాదని రాస్తే సున్నా. ఎందుకో చెప్పాలి" అన్నాడు. పరీక్షలు అయ్యాక వచ్చి చెప్తానని నేను బింకంగా అన్నాను.

లెక్కల పరీక్ష రాసి వచ్చిన రోజు ఒళ్ళు వెచ్చబడింది. మర్నాడు పొద్దున ముఖం కడుక్కుంటుంటే చెవి వెనక ముత్యమంత పొక్కు ఒకటి చేతికి తగిలింది. అవ్వకు చూపించాను. ఆమె నా చొక్కా భుజం మీదనుంచి తప్పించి చూసి, రెండడుగులు వెనక్కి వేసి, నాకు దణ్ణం పెట్టింది. నాకు. అంతకు ముందు రోజు దాకా కుక్కను అదిలించినట్టు అదిలించిన మనిషి.

"అమ్మ వొచ్చిండాది" అంది అవ్వ, వంటింటి వైపు తిరిగి. "తాలింపు పెట్టొద్దు మే. పొయ్యి మీదిది దించు."

సైన్సు పరీక్షకు అప్పటికి నాలుగు రోజులు. 

అమ్మ, అంటే ఆటలమ్మ, ఇంటికి వస్తే మా వాళ్ళ పద్ధతులు మీకు చెప్పాలి. వాకిట్లో వేపకొమ్మ కట్టేస్తారు. అది చూసి ఎవరూ లోపలికి రారు. ఇంట్లో నూనె కాగదు, పోపు వాసన రాదు, ఎవరూ తల దువ్వుకోరు. వేపాకు, పసుపు వేసి ఎండలో కాగిన నీళ్ళు ఒకరోజు విడిచి ఒకరోజు మూడుసార్లు తలకు పోయాలి. మొదటి నీళ్ళకే తొమ్మిదో రోజు దాకా ఆగాలి. మూడో నీళ్ళు పోసేదాకా అమ్మ ఇంకా ఇంట్లోనే ఉన్నట్టు. అప్పటిదాకా ఇంట్లో ఉన్నవాళ్ళెవరూ గడప దాటకూడదు. కావలసినవి ఎదురింటామె తెచ్చి అరుగు మీద పెట్టి, కేకేసి వెళ్ళిపోయేది. ఆ ఆదివారం రావద్దని నాయనకు కబురంపారు.

నన్ను ముందు గదిలో పడుకోబెట్టారు. కింద వేపాకు, పైన తెల్ల పంచె. కిటికీ ఒకటే, దానికీ వేపకొమ్మే. దురద పెడితే గోకడానికి వీల్లేదు, వేపాకు రెమ్మతో తట్టుకోవాలి. చల్లటి సద్దికూడు, చిన్న ఉల్లిపాయలు, కూళు అనే రాగి అంబలి, మళ్ళీ సద్దికూడు. బయట పిల్లలు పుస్తకాలు పట్టుకుని గట్టిగా బట్టీ పడుతూ పోయేవాళ్ళు. నేను పైకప్పు పెంకులు లెక్కపెట్టుకుంటూ కోపంతో ఏడ్చాను. జ్వరానికి కాదు. నడవగలను, రాయగలను, నాకు గుండె బొమ్మ కళ్ళు మూసుకుని వేయడం వచ్చు. అయినా ఒక గడప నన్ను ఆపేసింది.

రెండో రోజు మధ్యాహ్నం సారు సైకిల్ మీద వచ్చాడు. అరుగు దగ్గరే ఆగి, కిటికీలోంచి తమిళంలో మాట్లాడాడు. బళ్ళో నాకోసం వేరే గది ఏర్పాటు చేశారని, అమ్మ పోసిన పిల్లలకు అట్లా రాయించే రూలు ఉందని, తనకూ ప్యూనుకూ చిన్నప్పుడే వచ్చి పోయింది కాబట్టి భయం లేదని, తీసుకొస్తే చాలని చెప్పాడు. అవ్వ లోపలినుంచే కుదరదంది. మూడో నీళ్ళు కానిదే బిడ్డ కదలదంది. ఆయన ఎన్ని విధాల చెప్పినా అదే మాట. చివరికి విసుగొచ్చి నాతో, "సరే, పడుకునే జవాబు చెప్పు. వైరస్ ప్రాణా, కాదా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు అవ్వ అందుకుంది. "దానికేం తెలుసు సారూ. మనిషి వొంట్లోకి వొచ్చేదాకా అమ్మ రాయి మాదిరి ఉంటాది. వొచ్చినంక ప్రాణం."

సారు ముక్కుపొడి పట్టు తీసి పీల్చి, "పాటీ పాసు. ఇంక నువ్వు పాసవ్వాలి" అని సైకిలెక్కాడు. పాటీ అంటే తమిళంలో అవ్వ.

ఆయన వెళ్ళాక నేను అవ్వతో పోట్లాటకు దిగాను. గడప దాటితే ఏమవుతుందో చెప్పమన్నాను. అమ్మ అప్పుడు పెరట్లో నీళ్ళు తోడుతోంది. అవ్వ అటు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"నీకు ముందర మీయమ్మకు ఒక పిల్లోడు ఉండె. మూడేండ్లు. వానికీ అమ్మ వొచ్చినాది. నాలుగో పొద్దు ఆపీసునుంచి మనిషి వొచ్చి, లారీ నిలబడిండాది, వొక్క పూట రా అని పిలిస్తే మీయమ్మ పోయినాది. నేను వొద్దంటిని. సాయంత్రం వొచ్చేసరికి పిల్లోడు లేడు."

నాకో అన్న ఉండేవాడని తెలుసు. ఇది తెలియదు. అన్నేళ్ళూ అమ్మను అవ్వ ఒక్క మాట కూడా అనలేదట. అనకపోవడమే అమ్మకు ఎక్కువైందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం నా పరీక్ష పోయినట్టేనని అర్థమై, గోడకు తిరిగి పడుకున్నాను.

అయితే ఆ ఇంట్లో నాకు కలిసొచ్చేది ఒకటుంది. ఒంటి మీద అమ్మ ఉన్నవాళ్ళు అడిగిందేదీ కాదనకూడదు. మొదటిరోజే నేను నోరూరి కడలమిఠాయి అడిగాను. మా కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయి, బెల్లం పాకంలో పళ్ళకు అంటుకునేది. ఒంటికి వేడి, వద్దంది అమ్మ. "అడిగింది బిడ్డ కాదు మే, ఒంట్లో ఉండేది అడిగినాది" అంది అవ్వ. మిఠాయి అరుగు మీదికి వచ్చింది. మర్నాడు ఎదురింటి రేడియో అడిగాను, వచ్చింది. చెరుకురసం అడిగాను, వచ్చింది. దొంగబుద్ధి అక్కడ పుట్టింది.

పరీక్షకు ముందు రోజు, దీపం పెట్టే వేళ. విరుదునగర్ పంగుని పొంగలి జాతరకు నాయన నన్ను భుజాన ఎక్కించుకుని తిప్పినప్పుడు పూనకాలు బోలెడు చూశాను. లేచి కూర్చుని జుట్టు విరబోసుకున్నాను. వేపమండలు రెండు చేతులా పట్టుకుని ఊగాను. మొదట నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుంటుంటే ఒళ్ళు నిజంగానే వణికింది. అవ్వ దీపం వదిలేసి వచ్చి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఏం కావాల తల్లీ? ఏం తప్పు చేస్తిమి?"

"ఈ గదిలో ఎన్నాళ్ళు కూచోవాల నేను?" అన్నాను గొంతు లావు చేసి. "రేపు నన్ను పళ్లికూడానికి పిలుచుకపోండి. బిడ్డ పరీచ్చ రాయాల. నేను పక్కనే ఉంటా. ఏమీ కానియ్యను."

అవ్వ నెమ్మదిగా చెంపలు వేసుకుంది. "నువ్వే సెప్పినంక మేమెవురు తల్లీ. అట్లే చేస్తాము."

అక్కడ పడిపోయి ఉంటే అయిపోయేది. పూనకం దిగినట్టు వెనక్కి వాలితే చాలు. అది నాకు తర్వాత తోచింది. ఇంతలో అమ్మ వంటింట్లోంచి వచ్చింది. తడి చేతులు చీరకు తుడుచుకుంటూ అవ్వ వెనక నిలబడింది. తర్వాత ఆమె కూడా కూర్చుంది. నా ముఖం చూడలేదు, నా కాళ్ళే చూస్తోంది.

"తల్లీ, ఒకటి అడగాల. పదారేండ్లుగా అడగాల అనుకుంటా ఉండాను" అంది అమ్మ. "నా పిల్లోణ్ణి ఎందుకు తీసుకపోతివి? నేను గడప దాటినాననేనా?"

నా చేతిలో వేపమండలు ఆగిపోయాయి. మా అమ్మ నన్ను మీరు అన్నంత మర్యాదగా, భయంగా అడుగుతోంది. ఏడవలేదు. నేను జవాబు చెప్పేదాకా అక్కడే కూర్చుంటుందని తెలుస్తోంది. అవ్వ కూడా నా నోటి వంకే చూస్తోంది. నేనేనమ్మా, దొంగ పూనకం, నన్ను క్షమించు అని చెప్తే రేపు గడప దాటనివ్వరు. చెప్పకపోతే ఇది ఎక్కడ ఆగుతుందో తెలియదు. సారు క్లాసులో చెప్పింది గుర్తొచ్చింది. ఆ క్రిమికి కళ్ళు లేవు, చెవులు లేవు, ఎవరు ఇంట్లో ఉన్నారో ఎవరు బయటికి వెళ్ళారో దానికి తెలియదు.

"గడప దాటినందుకు కాదు" అన్నాను. "నువ్వు ఇంట్లో కూచోనుండినా వాడు పోయుండును. నీ తప్పు ఏమీ లేదు."

ఆ మాట నిజమని నమ్మే చెప్పాను. అమ్మ అంతటితో లేస్తుందనుకున్నాను. లేవలేదు.

"ఇప్పుడు యాడుండాడు?"

"నా దగ్గరే ఉండాడు. బాగుండాడు."

అది నాకెవరూ నేర్పలేదు. నోట్లోంచి వచ్చేసింది. అమ్మ నా కాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. పొక్కుల మీద ఆమె నుదురు ఆని మంట పుట్టింది, అయినా కాళ్ళు లాక్కోలేదు. కాసేపటికి అవ్వే ఆమెను లేపి తీసుకెళ్ళింది. నేను పంచె మీదికి లాక్కుని పడుకున్నాను. రేపు పరీక్షకు పోతున్నానన్న సంతోషం ఎంత వెతికినా దొరకలేదు. వంటింట్లో అమ్మ కంచం పెట్టుకుని అన్నం తింటున్న చప్పుడు వినిపించింది.

మర్నాడు మా ప్రయాణం చూసి తీరవలసింది. ముందు అవ్వ, వేపమండతో పసుపునీళ్ళు చల్లుతూ. వెనక నేను, నిండు చేతుల చొక్కా, భుజాల మీద పంచె. నా పైన గొడుగు పట్టి అమ్మ. రోడ్డెక్కకుండా పొలాల గట్ల మీదుగా, పత్తి చేల మధ్య నడిపించారు. ఎదురొచ్చినవాళ్ళు పక్కకు తప్పుకుని దణ్ణాలు పెట్టారు. ఒక ముసలాయన మేకలను మళ్ళించుకుంటూ, "ఎక్కడికి పోతోంది అమ్మ?" అని తమిళంలో అడిగాడు. "పరీచ్చ రాయను" అంది అవ్వ, నవ్వకుండా. బడి వెనకవైపు గదిలో ప్యూను ఒక బెంచీ వేసి ఉంచాడు. అవ్వ దాని మీద వేపాకు పరిచేదాకా నన్ను కూర్చోనివ్వలేదు.

వైరస్ ప్రశ్న రాలేదు. గుండె బొమ్మ వచ్చింది, ఉప్పులో ముడుచుకునే కణం వచ్చింది. జిల్లా అంతా మెచ్చుకునేంత కాదుగానీ, మంచి మార్కులే వచ్చాయి. రెండు రోజుల తర్వాత అట్లాగే వెళ్ళి ఆఖరి పరీక్ష రాశాను. ఆపైన మూడు నీళ్ళూ పోశారు. అవ్వను ఎట్లా ఒప్పించావని సారు ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

ల్యాబు కోర్సు చదివాను. విరుదునగర్‌లో ఒక ఆస్పత్రిలో పని దొరికింది. అవ్వ అప్పటికి లేదు. నాయన మిల్లు దగ్గరే చిన్న వాటా తీసుకుని ముగ్గురం ఉండేవాళ్ళం. ఒక వేసవిలో కింది వాటాలో ఆరేళ్ళ పాపకు అమ్మ పోసింది. మా అమ్మ రోజూ కూళు తీసుకుని దిగేది. ఆ ఇల్లాలు ఒకరోజు మెట్ల దగ్గర నన్ను ఆపి, ఏమనుకోవద్దు అంటూనే చెప్పింది. మీ అమ్మగారు పాప పక్కన కూర్చుని, వాడెట్లా ఉన్నాడు, వాడెట్లా ఉన్నాడు అని అడుగుతోందట. పాప బెదిరిపోయి ఏడుస్తోందట.

నేను పైకి వచ్చేసరికి అమ్మ చిన్న ఉల్లిపాయలు వలుస్తోంది. "ఆ బిడ్డ ఒంట్లో అమ్మ సరిగా పలకలేదు" అంది, నేను అడక్కుండానే. "పోయినేడు తెరువులో ఇంకో పిల్లోనికి వొచ్చినాది, వాడూ పలకలేదు. నీ నోట పలికినట్టు ఎవురి నోటా పలకలేదు."

ఇంక లాభం లేదని ఎదురుగా కూర్చున్నాను. "అమ్మా, ఆ పొద్దు అమ్మ రాలేదు. నేనే. పరీచ్చకు పోవాలని నేనే ఆడితిని."

అమ్మ చేతిలో ఉల్లిపాయ పూర్తిగా వలిచింది. ఇంకొకటి తీసుకుంది.

"గడప మాట నువ్వే సెప్పితివా?"

"నేనే. సారు సెప్పిన పాటం. అది ఇప్పటికీ నిజమే. నువ్వు పోయినా పోకున్నా అంతే. నేను రోజూ చూసే పని అదే గదా."

"సరే" అంది. "సదివినదానివి. నీకు తెలిసే సెప్పుంటావు." కత్తిపీట పక్కకు జరిపి మొదటిసారి నా ముఖం చూసింది. "పిల్లోడు బాగుండాడంటివే. అది?"

ల్యాబులో స్లయిడు మీద కనిపించనిది నేను ఒక్కనాడూ కాగితం మీద రాయలేదు. పెద్ద డాక్టరు కసిరినా రాయలేదు. ఆ పొద్దు నిజం చెప్దామనే కూర్చున్నాను, సగం చెప్పాను కూడా.

"అది నేను కాదమ్మా" అన్నాను. "ఆ మాట నా నోట్లోకి ఎట్ల వొచ్చినాదో నాకు తెలీదు."

"అదే గదా నేను సెప్పేది" అంది అమ్మ. చెంగుతో కళ్ళు ఒత్తుకుని, ఉల్లిపాయలు ఘాటుగా ఉన్నాయని తిట్టి, అన్నానికి లెమ్మంది. మర్నాడు కూళు గిన్నె కింది వాటా అరుగు మీద పెట్టి, పాపను ఏమీ అడక్కుండా పైకి వచ్చేసింది. ఆ తర్వాత ఇంకెవరినీ అడగలేదు. ఆమె పోయి ఇప్పటికి ఆరేళ్ళు. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, ఆమె బతికి ఉన్నా ఎత్తేదాన్ని కాదు.